వెనక వరసలో దారి పక్క సీటు

కారెక్కితే కడుపులో తిప్పే మనిషిని మా ఇంట్లో నేనే. చుట్టాలందరికీ తెలుసు ఈ సంగతి. ఎక్కడికైనా బయలుదేరితే నాకు ముందు సీటు వదులుతారు, చేతిలో ఒక నిమ్మకాయ పెడతారు. మా బిడ్డ బ్యాగులో నా కోసం వాంతుల మాత్రలు ఎప్పుడూ ఉంటాయి. నిజానికి నా కడుపంత గట్టి కడుపు మా వంశంలో ఇంకొకటి లేదు. చిన్నప్పుడు ఎద్దుబండ్ల మీద, పెళ్లయ్యాక లారీలో వడ్ల బస్తాల మీద కూర్చుని తిరిగాను. ఒక్కనాడు కూడా వాంతి చేసుకోలేదు.

బండి ఆగవలసింది నాకు కాదు, మా ఆయనకు.

ఆయన నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. పని చేసినన్నాళ్లూ ఎవరితోనూ ఒక మాట పడలేదు. వయసు మీద పడ్డాక ఒంటికి పోవడం ఎక్కువైంది. ఆగదు. దవాఖానాలో చూపిస్తే, ఈ వయసు మగవాళ్లలో చాలామందికి ఉండేదేనని చెప్పి మాత్రలు రాశారు. మాత్రలతో కొంత నయమే గాని, ప్రయాణమంటే మాత్రం ఆయనకు గుండెల్లో రాయి పడుతుంది.

దానికి కారణం ఒక బస్సు. జనగామ దగ్గర పెళ్లికి పోతున్నాం. ఉప్పల్‌లో ఎక్కాం. ఘట్‌కేసర్ దాటగానే ఆయన లేచి పోయి డ్రైవర్‌ను బతిమాలుకుని బస్సు ఆపించాడు. బీబీనగర్ దాటాక మళ్లీ లేచాడు. వెనక నుంచి ఎవడో పిల్లగాడు, "పెద్దాయనకు ఊరూరికి మొక్కున్నట్టున్నది, తీర్చుకుంట పోతున్నడు" అన్నాడు. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. ఆయన దిగి, పని చూసుకుని, ఎక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెళ్లిలో ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం తిన్నాడు గాని నీళ్లు ముట్టలేదు.

అప్పటి నుంచి ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రమే ఆయన నీళ్లు బంద్ చేస్తాడు. పెదవులు ఎండి తెల్లగా అవుతాయి. అట్లా చేయొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. వింటాడా?

నేను ఒక ఉపాయం చేసుకున్నాను. బిడ్డా అల్లుడి కారులో పోయేటప్పుడు ఆయన చెయ్యి మోకాలి మీద రుద్దడం మొదలుపెడుతుంది. అది చూడగానే నేను, "ఓ బిడ్డా, జర ఆపుమను, కడుపుల తిప్పుతున్నది" అంటాను. కారు ఏదో ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగుతుంది. నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నిలబడతాను. ఆయన, "ఎట్లాగు ఆపిన్రు గదా" అని తన దారిన పోయి వస్తాడు. ఇన్నేళ్లలో దీని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు. నేను ఎందుకు ఆపిస్తున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దీన్ని అబద్ధమనాలని కూడా నాకు తోచలేదు. ఇల్లు నడపాలంటే ఇట్లాంటివి ఉంటాయి.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం మా బిడ్డ పీర్జాదిగూడ నుంచి వచ్చింది. మొగుడినీ కూతురినీ వెంటబెట్టుకుని, స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. డబ్బా చూడగానే నాకు అనుమానం వచ్చింది. పండుగ కాదు పబ్బం కాదు, ఏదో ఖర్చు నెత్తి మీదికి తెస్తోందనుకున్నాను. అదే అయింది. ముంబై దాకా విమానంలో పోవాలట. అక్కడ ఓడ ఎక్కాలట. మూడు రాత్రులు సముద్రం మీదనే తిరిగి మళ్లీ ముంబైకి తెచ్చి దింపుతారట. ఖర్చంతా వాళ్లదేనట.

మా ఆయన చేతిలో పేపరు కింద పెట్టాడు.

"మధ్యలకు పోతదా? ఒడ్డు కనబడకుంట?" అని అడిగాడు.

"కనబడదు మామయ్యా. ఎటు చూసినా నీళ్లే" అన్నాడు అల్లుడు.

ఆయన సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు గాని నాకు ఆ ధ్యాస లేదు. ఆయనకు ఉంది. టీవీలో సముద్రం వస్తే, కింద వార్త దేని గురించో కూడా పట్టించుకోకుండా చూస్తూ ఉండిపోతాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదు. దొరికినప్పుడు ఇంట్లో ఏదో ఒక అవసరం ఉండేది.

నేను అడిగిన మొదటి మాట, ఓడలో గదికి బాత్రూం ఉంటుందా అని.

"గదిలనే ఉంటదమ్మా. నువ్వు వాంతులకు ఫికర్ జేయకు" అంది బిడ్డ.

ఆ రోజు ఆయన రెండుసార్లు స్వీటు తిన్నాడు. తెల్లారి మాత్రం మాట మారింది. "మీరు పోయి రారి. ఇల్లు ఇడిచిపెట్టి అందరం పోతే ఎట్ల? నల్లా వచ్చే రోజు ఎవరుంటరు?" అన్నాడు. మా ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది? పాత బీరువా, ఇత్తడి బిందెలు. నల్లా నీళ్లు పైన కిరాయికి ఉన్నవాళ్లు పట్టరా? నాకు అర్థమైంది. ఓడ గురించి కాదు ఆయన భయం. విమానం గురించి. విమానాన్ని పెట్రోల్ బంకు దగ్గర ఆపమని నేను అనలేను.

మా మనవరాలు కాలేజీ నుంచి మెట్రోలో ఉప్పల్‌లో దిగి ఒక్కోసారి మా ఇంటికి వస్తుంది. టికెట్లు కొన్నది ఆ పిల్లే, తన ఫోన్లో. నేను దానికి ఉప్మా పెట్టి, పక్కన కూర్చుని, విమానంలో సీట్లు ఎట్లా ఉంటాయో చూపించమన్నాను. నేను చదివింది నాలుగో తరగతి. అయినా బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. మధ్యలో దారి, అటు మూడు ఇటు మూడు.

"బాత్రూం ఎక్కడుంటది?"

"ముందట ఒకటి, వెనక మూలకు రెండు."

"అయితే వెనక పట్టు. తాతకు దారి పక్కది. ఆయన పక్కన నాకు."

"వెనక సీట్లు మంచిగుండయి అమ్మమ్మా. వెనక్కు వాలయి. మనుషులు వచ్చి వరసకు నిలబడుతరు. వాసన గూడ వస్తది."

"మాకు వాలే పని లేదు. పట్టు."

"ఊకె ఇచ్చేది తీస్కోవచ్చు గాని, గిట్ల మనకు నచ్చింది పట్టుకుంటే పైసలు వేరే కట్టాలె."

"కట్టు. నేనిస్త."

మనవరాలు ఫోను పక్కన పెట్టి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం లేదు గద. మరి ఏమైంది నీకు?" అంది. నేను నవ్వలేదు. నవ్వితే ఇంకా అడుగుతుంది.

సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఆయన వినేటట్టు అన్నాను. "సీట్లు పట్టిచ్చిన. అన్నిటికన్న వెనక. నీది దారి పక్కది. లేచి రెండడుగులు వేస్తే బాత్రూం. నడుమ ఎవ్వరిని దాటే పని లేదు."

ఆయన పేపరు మడిచాడు, విప్పాడు. మళ్లీ మడుస్తూ, "సముద్రం మీద చలి పెడుతదా?" అని అడిగాడు.

"స్వెటరు పెడుత" అన్నాను. వస్తున్నాడని తెలిసింది. నాకు కొంచెం ఊపిరి తిరిగింది.

తరువాత సామాన్ల పని. విమానంలో ఒక్కొక్కరికి ఇంత బరువని ఉంటుందట, దాటితే డబ్బు కట్టాలట. అల్లుడు పెట్టె తూచే కొక్కెం ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తానన్నాడు. ఒక్కసారి తూయడానికి కొత్త సామాను దేనికి? మా గల్లీ చివర కిరాణా దుకాణంలో బియ్యం బస్తాలు తూచే కాంటా ఉంది. నేనూ మా ఆయనా పెట్టెను లాక్కుంటూ అక్కడికే పోయాం. దుకాణదారు దాన్ని కాంటా మీద ఎక్కించి, "ఏం బియ్యం పెద్దమ్మా ఇవి, కిలో ఎంతకిస్తవు?" అన్నాడు. ఉండాల్సిన దానికన్నా బరువే ఉంది పెట్టె. ఉండక ఏం చేస్తుంది?

మరునాడు మా బిడ్డ వచ్చి పెట్టె విప్పి నేల మీద పరిచింది. సకినాల డబ్బా తీసి పక్కన పెట్టింది. మామిడికాయ తొక్కు తీసింది. "ఓడల పొద్దంత తిండి పెడుతరమ్మా, నువ్వు సకినాలు మోసుకపోయి కెప్టెన్‌కు పెడుతవా?" అంది. అవి పోతే పోనీ అనుకున్నాను. తరువాత వాళ్ల నాన్న ప్యాంట్లు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

"గిన్ని ప్యాంట్లేందే? బాపు ఓడల మళ్ల పెండ్లి గిట్ట చేసుకుంటున్నడా?"

"ఉండనీ."

"నాలుగు దినాలకు గిన్నెందుకు? సగం తీస్తున్న."

"ప్యాంట్ల జోలికి పోకు. ఇగో, ఇది తియ్యి." అడుగున ఉన్న పట్టుచీర లాగి బయట పెట్టాను. బరువైన చీర. ఓడలో ఒక రాత్రి అందరూ మంచి బట్టలు కట్టుకుని భోజనానికి కూర్చుంటారని, ఆ రోజు కోసం బిడ్డ కొనిచ్చిన చీర అది. ఆమె చీర వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు మారవమ్మా" అని మెల్లగా పెట్టె మూసింది. నొచ్చుకుందని తెలుసు. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాడు.

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం మమ్మల్ని పీర్జాదిగూడకు పిలిపించుకున్నారు. తెల్లవారి అందరం ఒకే కారులో ఎయిర్‌పోర్టుకు పోవచ్చని. అన్నాలు తింటున్నాం. బిడ్డ చాలా సంతోషంగా ఉంది. చేతిలో గరిటెతోనే, "ఒక ముచ్చట చెప్పలే మీకు. సీట్లు మార్పిచ్చిన" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"అమ్మకు అసలే కడుపుల తిప్పుతది. వెనక సీట్లు బాగ ఊగుతయట. రెక్కల దగ్గరైతే కుదుపు తక్కువ అని చదివిన. గందుకే నడుమ తీసుకున్న. ఇద్దరికీ కిటికీ పక్కవే, ఒకరి వెనక ఒకరికి. బాపు మబ్బులు చూసుకుంట పోవచ్చు."

నేను ఆయన వైపు చూడలేదు. చూడకుండానే తెలిసింది, ఆయన తినడం ఆపాడు.

"ఎందుకు మార్చినవు? నాకు వెనకనే గావాలె. మళ్ల మార్పియ్యి" అన్నాను.

"పైసలు నేను కట్టిన, నీవి పోలే."

"పైసల ముచ్చట కాదు."

"మరేంది? కడుపుల తిప్పే మనిషివి వెనక కూసుంటనంటవేందే?"

నేను కట్టిన ముడి నాకే బిగుసుకుంది. ఏం చెప్పినా చిక్కే. "నాకు గక్కడనే మంచిగుంటది" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఇక ఆమె ఆగలేదు. కోపం కాదు అది. చాలాకాలంగా లోపల పెట్టుకున్నట్టుంది.

"నాకు తెలుసమ్మా. ఎవ్వలు తీసుకోని సీట్లు, బాత్రూం పక్క సీట్లు, అగ్గువకు వస్తయని పట్టినవు. చీర తీసి పక్కకు పెట్టినవు. ఎన్నడు చూసినా గంతే. పొదుపు చేసినవు, ఇల్లు గట్టినవు, మమ్ముల సదివిచ్చినవు, నేను కాదంటలే. కాని బాపు జీవితమంత మిషన్ల కాడ నిలబడి పని జేసిండు. ఒక్కనాడన్న ఆయన్ను మంచిగ కూసోనిచ్చినవా? ఒక్క కిటికీ పక్క సీటు గూడ ఇయ్యబుద్ధి కాదా నీకు?"

"మమ్మీ, అగ్గువ గాదు, అమ్మమ్మ పైసలు వేరే—" అని మనవరాలు ఏదో చెప్పబోయింది.

"నువ్వు ఊకో" అంది వాళ్లమ్మ.

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. పీనాసిదాన్నని నన్ను చాలామంది అన్నారు. పట్టించుకోను. అది నిజమే, దానితోనే ఇల్లు నిలబడింది. ఈసారి కూడా అట్లాగే ఊరుకుందామనుకున్నాను. రేపు విమానంలో ఆయన పక్కవాళ్లను బతిమాలి సీటు మార్పిద్దాం, ఏదో ఒకటి చేద్దాం అని లెక్కలు వేసుకుంటున్నాను. ఒకవేళ ఆయన రానంటే నేనూ ఆగిపోతాను, జ్వరమని చెబుతాను.

"మీ అమ్మకు ఎన్నడు వాంతులు కాలే."

మా ఆయన గొంతు. కంచం మీద నుంచి తల ఎత్తలేదు ఆయన.

"ఏంది బాపూ?"

"ఆమెకు తిప్పదు. నాకు ఒంటికి ఆగదు. కారు ఆపుమని నేను అడుగలేక, ఆమె తనకు తిప్పుతున్నదని చెప్పేది. ఇన్నేండ్లు గట్లనే చెప్పింది. వెనక సీట్లు నా కోసమే పట్టింది. ప్యాంట్లు గూడ నాకే. చీర గూడ గందుకే తీసింది." అక్కడ ఆగాడు. మళ్లీ అన్నాడు, "ఆమెను ఏమనకు."

కుక్కర్ విజిల్ వేస్తే బిడ్డ పోయి స్టవ్ ఆపి వచ్చింది. వచ్చి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బస్సులో ఆ రోజు ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. ఎవరన్నా ఇప్పుడు అయ్యో అంటే లేచి పోతాడని భయపడ్డాను.

మా అల్లుడు పప్పు గిన్నె అందుకుని, ఆయన కంచంలో వడ్డిస్తూ మామూలుగా అన్నాడు. "మా నాయినకు గూడ గదే మామయ్యా. సూర్యాపేట దాంక ఏ బంకుల బాత్రూం మంచిగుంటదో, ఏ బంకుల తాళం వేసుకుంటరో మొత్తం ఆయనకు ఎరుకే. ఆయన చెప్పినకాడనే మేము డీజిల్ గూడ పోసుకుంటం."

ఆయన తల ఎత్తాడు.

"వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దాటినంక ఎడమ పక్కకు ఒకటున్నది" అన్నాడు. "మస్తు సాఫుంటది. నీళ్లు గూడ వస్తయి."

"ఔనా? నేను చూడలే."

"దానికి ముందట వేపచెట్టుంటది. దాని ఎదురుగనే."

ఇక ఆ ఇద్దరూ పెట్రోల్ బంకుల మీద పడ్డారు. మేడిపల్లి దగ్గరది పనికిరాదని ఒకరు, కొత్తగా కట్టారని ఒకరు. ఇట్లాంటి ముచ్చట అన్నాల దగ్గర ఏందని ఇంకో రోజైతే కసురుకునేదాన్ని. ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. పొద్దున్నుంచి నాకు ఆకలి లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మనవరాలు అప్పటికే ఫోను తీసి చూస్తోంది. "అమ్మమ్మ పట్టిన సీట్లు అట్లనే ఉన్నయి. ఎవ్వలు తీసుకోలే" అంది. వాళ్లమ్మ అన్న మాటే అది, ఎవ్వలు తీసుకోని సీట్లని. అందుకే మాకు మిగిలాయి. కిటికీ పక్కది కూడా ఖాళీగానే ఉంది. అది మా బిడ్డ తనకు పెట్టించుకుంది.

తరువాత వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది. ఏదో అంటుందని చూశాను. "మరి నేనిచ్చిన మాత్రలన్ని ఏం చేసినవే?" అంది.

"డబ్బాల ఉన్నయి. పైసలు పెట్టి కొన్నయి పారేస్తమా?"

ఆమె నా భుజం మీద మొహం పెట్టి నవ్వింది. ఏడ్చిందేమో కూడా. చేతులకు సబ్బు ఉంది, నేను ముట్టుకోలేదు. హాల్లోకి పోయి తన పెట్టె తెరిచి చెప్పుల జతలు రెండు బయట పెట్టింది. ఆ రోజు మా ఇంటి నుంచి తనే సంచిలో పట్టుకొచ్చిన నా పట్టుచీర మడత పెట్టి అక్కడ సర్దింది. తూయడానికి కాంటా లేదు గాని, సరిపోతుందని నాకు చేతి లెక్కలోనే తెలిసింది.

తెల్లవారి ఔటర్ రింగు రోడ్డు ఎక్కేముందు ఆయనే, "జర ఒకసారి ఆపు" అన్నాడు. నాతో కాదు, అల్లుడితో నేరుగా. కారు ఆగింది. ఈసారి నేను దిగలేదు. ముందు సీటులో కూర్చుని, మొహం కడుక్కునే పని లేకుండా, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ ఉన్నాను.

విమానంలో మా వరస అందరికన్నా చివరన ఉంది. మనవరాలు చెప్పినట్టే సీటు వాలలేదు. మనుషులు వచ్చి మా పక్కనే నిలబడ్డారు. ఆయన రెండుసార్లు లేచి పోయి వచ్చాడు. ఎవరూ తిరిగి చూడలేదు. చూడడానికి మా వెనక ఎవరూ లేరు. రెండోసారి వచ్చి కూర్చున్నాక నీళ్లు కావాలన్నాడు. నేను విమానంలో పనిచేసే అమ్మాయిని పిలిచి, నీళ్లకు పైసలుంటాయా అని అడిగాను. లేవంది. కాగితం గ్లాసులో తెచ్చి ఇచ్చింది. ఆయన ఆగకుండా తాగాడు. ప్రయాణంలో ఆయన గొంతు అట్లా కదలడం చూసి ఎన్నాళ్లయిందో.

"బాపూ, ఇటు చూడు. సముద్రం" అంది మా బిడ్డ కిటికీ దగ్గర నుంచి. "ఇట్ల రా, నా సీట్ల కూసో."

"నాకు గిక్కడినుంచి కనబడుతున్నది" అన్నాడు ఆయన, నా ఒడి మీదుగా వంగి. అట్లాగే చాలాసేపు చూశాడు. తరువాత ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"ఇంకో గిలాస ఇస్తరేమో అడుగు" అన్నాడు.